మే ఆఖరి వారం వాతావరణం: అంకెల కంటే ముందు గాలి దిక్కు చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఖమ్మం దగ్గర ఊళ్లో కల్లంలో మొక్కజొన్న ఆరబోసి ఉంది. ఇంట్లో డెబ్బై దాటిన నాన్నగారు ఉన్నారు. వారం మధ్యలో మచిలీపట్నంలో పెళ్లికి వెళ్లాలి. ఫోన్లో ఒక యాప్ వారమంతా 43 డిగ్రీల ఎండ అంటోంది, ఇంకో యాప్ నాలుగు రోజులు వాన బొమ్మ చూపిస్తోంది, టీవీలోనేమో వడగాలులు, ఉరుములతో వర్షాలు రెండూ ఒకే వార్తలో చెబుతున్నారు. మే ఆఖరి వారంలో దేన్ని నమ్మి పనులు పెట్టుకోవాలి?

మూడూ నిజమయ్యే అవకాశం ఉందండి. మే చివర్లో మన దగ్గర మధ్యాహ్నం రెండింటికి 43 కాసి, సాయంత్రం ఐదింటికి దుమారం లేచి, అరగంట వాన కొట్టి, మర్నాడు మళ్లీ 43 కాయడం మామూలే. పక్క మండలంలో అదే రోజు చినుకు కూడా పడకపోవచ్చు. వాతావరణ బులెటిన్లు చదివి రైతులకు విడమరిచి చెప్పే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి, నేను దేన్ని ముందు చూస్తానో, దేన్ని తర్వాత చూస్తానో అదే రాస్తాను. ఉష్ణోగ్రత అంకె, వాన బొమ్మ చూసే ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూడాలి. ఈ నెలలో మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయి.

అమరావతి వాతావరణ కేంద్రం రోజూ ఇచ్చే బులెటిన్‌లో మొదట్లోనే ఒక వాక్యం ఉంటుంది: దిగువ ట్రోపో ఆవరణంలో (అంటే నేలకు దగ్గరి గాలి పొరలో) ఆంధ్రప్రదేశ్, యానాం మీద ఫలానా దిశ గాలులు వీస్తున్నాయి అని. చాలామంది దాన్ని వదిలేసి నేరుగా జిల్లాల పేర్ల దగ్గరికి వెళ్లిపోతారు. నేను మాత్రం ఆ ఒక్క వాక్యం కోసమే బులెటిన్ తెరుస్తాను. హైదరాబాద్ కేంద్రం వాళ్లు తెలంగాణకు ఇచ్చే దాంట్లో కూడా ఆ రోజు గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో రాస్తారు.

ఈ రోజుల్లో మన మీదికి వచ్చే గాలులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి వాయవ్యం నుంచి వచ్చేది. రాజస్థాన్ వైపు కాలిన పొడిగాలి మధ్యప్రదేశ్, విదర్భ మీదుగా దిగి ముందు ఆదిలాబాద్, రామగుండం చేరుతుంది. తర్వాత ఖమ్మం, భద్రాచలం, అక్కడి నుంచి ఏలూరు, కృష్ణా, గుంటూరు, పల్నాడు దాకా వస్తుంది. దారి పొడుగునా ఎండిన నేలే కాబట్టి ఎక్కడా చల్లబడదు, తేమ పట్టుకోదు. కోస్తాలో పెద్దవాళ్లు పడమటి గాలి అని భయపడేది దీన్నే. రెండోది ఆగ్నేయం నుంచో, దక్షిణం నుంచో బంగాళాఖాతం మీదుగా వచ్చే తేమగాలి. ఇది వచ్చిన రోజు అంకె తగ్గుతుంది, ఉక్కపోత పెరుగుతుంది, సాయంత్రానికి మబ్బు కట్టడానికి సరుకు దొరుకుతుంది.

మీరు వెళ్లే మచిలీపట్నాన్నే తీసుకోండి. మామూలు మే రోజున పొద్దున తొమ్మిది నుంచి నేల గబగబా వేడెక్కుతుంది. పదకొండు, పన్నెండు మధ్య సముద్రం మీది గాలి లోపలికి నడుస్తుంది. అది తాకిన నిమిషం నుంచి ఉష్ణోగ్రత పెరగడం ఆగిపోతుంది. ఆ రోజుకు గరిష్ఠం అక్కడే తేలిపోతుంది, మధ్యాహ్నం రెండింటికి పొద్దుటికన్నా కాస్త హాయిగా కూడా ఉండొచ్చు. అదే పడమటి గాలి బలంగా ఉన్న రోజు ఈ సముద్రపు గాలిని ఒడ్డు దగ్గరే నిలబెట్టేస్తుంది. మూడు దాటినా లోపలికి రానివ్వదు. ఆ మూడు నాలుగు గంటల ఆలస్యంలోనే ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు ఎగబాకుతుంది. సముద్రం పక్కనే ఉన్న ఊరు ఒక రోజు 37 దగ్గర ఆగడం, ఇంకో రోజు 43 దాటడం ఇందువల్లే. ఎండ రెండు రోజులూ ఒక్కటే. యాప్‌లు ఎక్కువగా తప్పేది కూడా తీరం ఊళ్ల విషయంలోనే, ఎందుకంటే గాలి ఏ గంటకు తిరుగుతుందో ఆరు రోజుల ముందు పట్టుకోవడం ఏ కంప్యూటర్ అంచనా మోడల్‌కూ తేలిక కాదు.

ఈ రెండు గాలులూ ఎదురుపడే గీతనే బులెటిన్లలో ద్రోణి అంటారు. విదర్భ నుంచో, ఛత్తీస్‌గఢ్ నుంచో మొదలై తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు దాకా ఉత్తర దక్షిణంగా సాగి ఉంటుంది. సముద్ర మట్టానికి 0.9 కిలోమీటర్ల ఎత్తులో అని రాసినప్పుడు అది నేలకు బాగా దగ్గరలో ఉందని అర్థం. గీతకు పడమటి పక్క పొడిగాలి, తూర్పు పక్క తేమగాలి ఉంటాయి. ఉరుముల మబ్బులు ఎక్కువగా ఆ గీత వెంట, దానికి తూర్పున లేస్తాయి. అంచేత ద్రోణి తెలంగాణ మధ్యలోనో, పడమటి వైపో ఉంటే మీ ఖమ్మం వైపు సాయంత్రం వానలకు అవకాశం ఎక్కువ. అదే ద్రోణి తూర్పుకు జరిగి కోస్తా మీద కూర్చుంటే ఖమ్మం పొడిగాలి పక్కకు వచ్చేస్తుంది, వాన కోనసీమకో, ఉత్తర కోస్తాకో పోతుంది. వంద కిలోమీటర్లు అటూ ఇటూ జరగడం దానికి ఒక రోజు పని. టీవీలో వడగాలులు, వర్షాలు ఒకే నోటితో చెప్పడం చాలామందికి వింతగా అనిపిస్తుంది. ద్రోణికి అటు పక్క జిల్లాల సంగతి ఒకటి, ఇటు పక్కది ఇంకొకటి అనుకుంటే ఆ వార్తలో తికమక ఉండదు.

ఇక సాయంత్రం వానల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మొక్కజొన్నకు, మామిడికి అసలు నష్టం చేసేది అవే కాబట్టి. మధ్యాహ్నం మూడింటికి ఆకాశంలో తెల్లగా, గోపురంలా పైకి లేస్తున్న మబ్బు కనిపిస్తే, దాని అంచులు గట్టిగా, కోసినట్టు ఉంటే, అది ఇంకా పెరుగుతోందని లెక్క. పైన పళ్లెంలా పరుచుకుని అంచులు పీచుపీచుగా మారాయంటే అప్పటికే దాని కింద వాన మొదలైంది. ఆ వాన నేలకు దిగే దారిలో కింద ఉన్న పొడిగాలిలో సగం ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ గాలి ఒక్కసారిగా చల్లబడి, బరువెక్కి కిందికి దూకుతుంది. నేలను తాకి నాలుగు పక్కలా పరిగెత్తుతుంది. వానకు పదిహేను ఇరవై నిమిషాల ముందు మనకు తగిలే ఈదురుగాలి అదే. కిందిగాలి ఎంత పొడిగా ఉంటే ఆ దూకుడు అంత ఎక్కువ. అందుకే బాగా కాసిన రోజు సాయంత్రం వచ్చే గాలివానలో నీళ్లు తక్కువ, గాలి ఎక్కువ. ఐదు మిల్లీమీటర్ల వాన కూడా పడకుండానే తోటలో కాయంతా రాలిపోతుంది, అరటి గెలలతో సహా నేలకు ఒరుగుతుంది, కల్లం మీద కప్పిన పట్టాలు ఎగిరిపోతాయి.

కాబట్టి మీ జిల్లాకు గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు అని ఉంటే, తేలికపాటి వర్షమే కదా అని పక్కన పెట్టకండి. మే నెలలో వాన అంకె కన్నా గాలి అంకెకే ఎక్కువ విలువ ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. పట్టా కప్పడం ఒక్కటే చాలదు. అంచుల మీద మట్టి ఎత్తాలి, మధ్యలో బస్తాలు పెట్టాలి, వాన నీళ్లు కుప్ప కిందికి పోకుండా చుట్టూ చిన్న కాలువ తీయాలి.

బులెటిన్‌లో వాడే మాటలకు కచ్చితమైన లెక్కలున్నాయి. అవి తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని. కొన్ని చోట్ల అంటే నాలుగో వంతు నుంచి సగం దాకా. అనేక చోట్ల అంటే సగం నుంచి ముప్పావు వంతు. దాదాపు అన్ని చోట్ల అంటే అంతకు మించి. మే చివర్లో మనకు ఎక్కువగా కనిపించేవి మొదటి రెండు మాటలే. ఒకటి రెండు చోట్ల అని చూసి వాన పడలేదు, అంచనా తప్పింది అనేవాళ్లు చాలామంది. నిజానికి ఆ మాటలోనే మీ ఊళ్లో పడకపోవడానికే ఎక్కువ వీలుందని ఉంది.

వాన పరిమాణం కూడా అంతే. 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్ల దాకా తేలికపాటి, 64.4 దాకా మోస్తరు, 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఈ 24 గంటలు పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా. సోమవారం సాయంత్రం పడిన వాన మంగళవారం లెక్కలో కనిపిస్తుంది. పంట నష్టం నమోదుకు వెళ్లినప్పుడు తేదీ దగ్గర తికమక పడేది ఇక్కడే, కాబట్టి గుర్తు పెట్టుకోండి.

హెచ్చరికల రంగుల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే చర్య తీసుకోండి. పసుపు చూసి పనులు మానుకోనక్కర్లేదు.

యాప్‌లు ఒకదానికొకటి ఎందుకు పొసగవని అడిగారు. అవన్నీ ప్రపంచం మొత్తాన్ని గళ్లుగా కోసి లెక్క కట్టే మోడళ్ల మీద నడుస్తాయి. ఐరోపా వాళ్ల ప్రధాన మోడల్‌కు గడి సుమారు 9 కిలోమీటర్లు, అమెరికా వాళ్ల జీఎఫ్‌ఎస్‌కు సుమారు 13. మన దేశం 2025 మే నెలలో 6 కిలోమీటర్ల గడితో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ మొదలుపెట్టింది. మన సాయంత్రం ఉరుముల మబ్బు ఒక్కోసారి మొత్తం కలిపి ఐదారు కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. గడి కంటే చిన్న మబ్బు ఏ ఊరి మీద లేస్తుందో ఆ లెక్కలో తేలదు. పైగా ఒక యాప్ రోజులో ఏ గంటలోనైనా కొద్దిపాటి అవకాశం ఉంటే చాలు రోజంతటికీ వాన బొమ్మ వేస్తుంది. ఇంకొకటి అవకాశం బాగా ఎక్కువైతే తప్ప వేయదు. లోపల లెక్క దాదాపు ఒకటే ఉన్నా పైకి కనిపించే బొమ్మలు వేరవుతాయి. అందుకే బొమ్మ చూడకండి, నొక్కితే గంటగంటకు వచ్చే శాతం, గాలి దిశ చూడండి.

ఏడు రోజుల అంచనాను నేను ఒకే గంపలో వేయను. మొదటి రెండు మూడు రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రతను లోతట్టు ఊళ్లకు ధైర్యంగా నమ్మొచ్చు, తేడా వస్తే ఒకటి రెండు డిగ్రీలు. నాలుగు, ఐదు రోజులకు అంకెను పక్కన పెట్టి పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది మాత్రం తీసుకోండి. ఆరు, ఏడు రోజులకు గాలి దిక్కు మారే సూచన ఉందా లేదా, అంతే. ఉరుముల వాన విషయంలో ఈ మెట్లన్నీ ఇంకా కిందికి దిగుతాయి. రేపు మీ జిల్లాలో ఉంటుందా అన్నది ముందు రోజు చెప్పొచ్చు. మీ ఊళ్లోనా, పక్క ఊళ్లోనా అన్నది రెండు మూడు గంటల ముందు తప్ప ఎవరూ చెప్పలేరు. ఆ రెండు మూడు గంటల కోసమే వాతావరణ శాఖ మూడు గంటల తక్షణ హెచ్చరికలు ఇస్తుంది. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నంలోని డాప్లర్ రాడార్ల చిత్రాలు కూడా వాళ్ల సైట్లో అందరికీ కనిపిస్తాయి. మూడింటి నుంచి ఆరింటి మధ్య రాడార్ చిత్రం తెరిచి, పది నిమిషాలాగి మళ్లీ చూడండి. ఎర్ర మచ్చ, అంటే గట్టి వాన ఉన్న చోటు, ఏ దిక్కుకు నడుస్తోందో తెలిసిపోతుంది. పిడుగులకు పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) తయారు చేసిన దామిని యాప్ ఉంది. మీ చుట్టూ కొద్ది నిమిషాల కిందట ఎక్కడ పిడుగు పడిందో చూపిస్తుంది. కల్లంలో పని చేసేవాళ్ల ఫోన్లలో అది ఉండి తీరాలి.

ఫోన్ లేకపోతే చెవులు చాలు. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు వినపడితే మబ్బు పది కిలోమీటర్ల లోపు ఉంది, అప్పటికే పని ఆపి పక్కా ఇంట్లోకి వెళ్లాలి. ఆఖరి ఉరుము వినపడ్డాక అరగంట దాకా బయటికి రాకూడదు. కప్పిన పట్టా ఎగిరిపోతోందని ఆ అరగంటలో పరిగెత్తి ప్రాణం పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటున్నారు. తాటిచెట్టు కింద, వేపచెట్టు కింద నిలబడొద్దని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

నాన్నగారి విషయానికి వద్దాం. మైదాన ప్రాంతంలో 40 దాటి, ఆ రోజు ఉండాల్సిన దానికంటే 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటే వడగాలి అంటారు. 6.4 కంటే ఎక్కువ తేడా ఉంటే తీవ్ర వడగాలి. మామూలుతో పని లేకుండా 45 తాకితే వడగాలి, 47 తాకితే తీవ్ర వడగాలి. తీరప్రాంతానికి 40 అక్కర్లేదు, 37 దాటి తేడా 4.5 ఉంటే చాలు. ఈ లెక్కలో ఒక చిక్కుంది. ఖమ్మం వైపు మే చివర్లో 42 మామూలే కాబట్టి 43 వచ్చినా వడగాలి అని ప్రకటించరు. ప్రకటించలేదు కదా అని పెద్దవాళ్లు బయటికి వెళితే ఒళ్లు ఆ నిర్వచనం చూసుకోదు. 2015 మే చివరి రోజుల్లో తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, ఎండలో పని చేసుకునే కూలీలు.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గరిష్ఠం పక్కన కనిష్ఠం చూడండి. పగలు 43 కాసినా రాత్రి 27కు దిగితే ఒంటికి తెరిపి దొరుకుతుంది. రాత్రి కూడా 31, 32 దగ్గరే ఆగిపోతే మూడో రోజుకు పెద్దవాళ్లు నీరసించిపోతారు. కాంక్రీటు శ్లాబు కింద పడుకునేవాళ్లకు బయటి కనిష్ఠం కంటే లోపల ఇంకా ఎక్కువ ఉంటుంది. వరుసగా రెండు రాత్రులు అలా ఉంటే ఆయన పడక కింది అంతస్తుకో, ఆరుబయటకో మార్చండి. బీపీకి, గుండెకు మందులు వాడుతుంటే నీళ్లు ఎంత తాగాలో డాక్టరుగారిని అడగండి, ఎందుకంటే కొన్ని మందులు నీటిని బయటికి పంపేస్తాయి. చెమట ఆగిపోయి, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే అది నీరసం కాదు, వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు తడిగుడ్డలు కప్పి ఫ్యాను పెట్టండి.

మచిలీపట్నంలో లెక్క వేరు. 37 డిగ్రీలకు 60 శాతం తేమ తోడైతే ఒంటికి 50 దగ్గర ఉన్నట్టే, ఎందుకంటే చెమట ఆరదు. ఆయన్ని పెళ్లికి తీసుకెళ్లాలనుకుంటే అంకె తక్కువ ఉంది కదా అని ధీమా పడొద్దు. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మర్నాడు ఏ మండలాల్లో వడగాలులు, ఏ మండలాల్లో తీవ్ర వడగాలులు ఉంటాయో పేర్లతో సహా ముందు రోజే చెబుతుంది. ప్రయాణం పెట్టుకునే ముందు ఆ జాబితా చూడండి. పొద్దున ఎనిమిదిలోపు బయల్దేరి పదకొండుకల్లా చేరిపోవడం మంచిది.

వార్తల్లో 46 అని, వాతావరణ శాఖ లెక్కలో 43 అని వస్తే ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. వాతావరణ శాఖ థర్మామీటరు నాలుగు పక్కలా పలకల సందులున్న తెల్ల చెక్కపెట్టెలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తులో, నీడలో, గాలి ఆడేచోట ఉంటుంది. తెలంగాణలో అభివృద్ధి ప్రణాళిక సొసైటీకి మండలాల్లో వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలున్నాయి. అన్ని చోట్ల కొలిస్తే ఎక్కడో ఒకచోట ఎక్కువ దొరకడం సహజం, వార్తల్లోకి వచ్చేది ఆ అంకే. కారు డ్యాష్‌బోర్డు మీది అంకె మాత్రం తారురోడ్డు సెగ, దాన్ని పట్టించుకోకండి.

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట ఈ వారం వినపడే అవకాశం ఉంది, మే దానికి కాలమే. ఆ మాట వినగానే వాన వచ్చేస్తుందని సంబరపడేవాళ్లూ, భయపడేవాళ్లూ ఉంటారు. అది ఎక్కడుందో చూడాలి. మన ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కేంద్రం మనకు తూర్పునో, ఈశాన్యంలోనో దూరంగా ఉంటే మనం దాని పడమటి పక్కన ఉంటాం. అక్కడ గాలి ఉత్తరం నుంచి, వాయవ్యం నుంచి, అంటే నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది. తేమంతా అటు లాక్కుపోతుంది, సముద్రపు గాలి ఒడ్డు ఎక్కదు. 2023లో మోఖా తుఫాను మే 14న మయన్మార్ తీరం దాటింది. ఆ రోజుల్లో కోస్తా కాలిపోయింది. 2003 మేలో కూడా బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను మయన్మార్ వైపు పోయాక మన దగ్గర ఘోరమైన వడగాలులు వచ్చాయి. అదే కేంద్రం మన వైపు తిరిగితే కథ మారిపోతుంది. 2010లో లైలా మే 20న బాపట్ల దగ్గర తీరం దాటింది. 1990 మే 9న కృష్ణా డెల్టాను ముంచిన తుఫాను ఆ పక్క పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి వార్తలో పేరు వినగానే ఆగకుండా రెండు చూడండి: ఎటు కదులుతుందంటున్నారు, ఏ దశలో ఉంది. గాలి గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం, 31 నుంచి 49 దాకా వాయుగుండం, 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుఫాను. అల్పపీడనం ఏర్పడకముందే అది ఫలానా ఊరి దగ్గర తీరం దాటుతుందని గీతలు గీసి తిప్పే మెసేజ్‌లు వాట్సాప్‌లో వస్తాయి. ఒక మోడల్ ఒక పూట చూపించిన గీత అది. మర్నాడు పూటకు మూడొందల కిలోమీటర్లు జరిగిపోతుంది. దయచేసి ఎవరికీ పంపకండి. జాలర్ల కుటుంబాలు వాటిని చూసి ఎంత కంగారు పడతాయో నేను చూశాను.

ఋతుపవనాల గురించి అడగలేదు గానీ, మే ఆఖరి వారం అన్నాక అది రాక తప్పదు. కేరళను తాకే మామూలు తేదీ జూన్ 1. 2023లో జూన్ 8న వచ్చాయి, 2024లో మే 30న, 2025లో మే 24నే వచ్చేశాయి. 2025లో మే 26కల్లా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని ప్రాంతాల్లోకి కూడా అడుగుపెట్టాయి. ఆ తర్వాత జూన్ మధ్య దాకా ముందుకు కదలకుండా ఆగిపోయాయి. తొందరగా వచ్చాయని సంబరపడి విత్తనం వేసినవాళ్లు ఆ ఎండకు ఇబ్బంది పడ్డారు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలై జూన్ మొదటి వారం దాకా ఉంటుంది. అందులో వచ్చే సాయంత్రం వానలు ఎక్కువగా నేను పైన చెప్పిన ద్రోణి వానలే. ఒక రోజు బాగా పడి, పది రోజులు ముఖం చాటేయగలవు. పత్తి వేసే ఆలోచన ఉంటే తేలిక నేలల్లో 50 నుంచి 60, నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడి నేల బాగా నానాకే వేయండి. వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే వారాలకు విస్తృత అంచనా ఇస్తుంది. రోజు లెక్కకు అది పనికిరాదు, ఒక పొడి విరామం వస్తోందా లేదా తెలుసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

మీ మొక్కజొన్నకు నేను చెప్పేది ఇది. కొనుగోలు కేంద్రంలో 14 శాతం తేమ అడుగుతారు. వాయవ్య గాలి ఉన్న రోజులు ఆరబోతకు బంగారం లాంటివి, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా పలచగా పరిచి రెండు మూడుసార్లు తిరగేయండి. ఆ రోజుల్లోనే బస్తాలకు ఎత్తేయండి. గాలి దక్షిణానికో, ఆగ్నేయానికో తిరిగిందంటే అంకె 40కి తగ్గినా సరే, మూడు గంటలకల్లా కుప్ప చేసి కప్పేయండి. ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని ఐదింటి దాకా ఆగొద్దు. తేమగాలిలో ఎలాగూ సాయంత్రం గింజ ఆరదు.

గాలి దిక్కు ఎక్కడ చూడాలంటే, మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా మేఘదూత్ యాప్‌లో మీ జిల్లా పేరు కింద దొరుకుతుంది. అందులో ఐదు రోజుల పట్టిక ఉంటుంది. వాన, గరిష్ఠం, కనిష్ఠం, పొద్దుటి తేమ, మధ్యాహ్నపు తేమ, గాలి వేగం, గాలి దిశ. ఆ దిశ డిగ్రీల్లో రాస్తారు, అందుకే చాలామంది దాటేస్తారు. 270 అంటే పడమర, 315 అంటే వాయవ్యం, 180 దక్షిణం, 135 ఆగ్నేయం. 290, 300, 310 వరుసగా కనిపిస్తే ఆరబోతకు మంచి రోజులు, నాన్నగారికి జాగ్రత్త పడాల్సిన రోజులు. అది 200కు, 160కు దిగిన రోజు నుంచి పట్టాలు, తాళ్లు కల్లం దగ్గరే ఉంచండి. మీ జిల్లా పట్టిక చూశాక ఏదైనా అర్థం కాకపోతే ఆ ఐదు రోజుల అంకెలు ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.